తాడు లాగేవాళ్ళు



మాది శ్రీకాకుళం జిల్లా, సంతబొమ్మాళి మండలం, భావనపాడు. నౌపడా ఉప్పు మడులు దాటి తూర్పుకి వస్తే, రోడ్డు అయిపోయి సముద్రం మొదలయ్యే చోటు మా ఊరు. ముప్ఫై ఏళ్ళకి పైగా డ్రిల్లు మాస్టారి ఉద్యోగం చేసి రిటైరయ్యాను. కబడ్డీ ఆడాను, ఆడించాను. ఆ అర్హత ఒక్కటీ పెట్టుకుని ఇవాళ మీకు అమెరికాలో ఒక కాలేజీ ఫుట్‌బాల్ జట్టు గురించి చెప్పడానికి కూర్చున్నాను. నవ్వొస్తే నవ్వుకోండి. మా ఊళ్ళోనూ నవ్వారు.

సంగతేమిటంటే, 2023 ఆగస్టు చివర్లో నేనూ మా ఆవిడా మా అమ్మాయి దగ్గరికి వెళ్ళాం. వాళ్ళుండేది మిషిగన్ రాష్ట్రంలో, ఆన్ ఆర్బర్ అనే ఊళ్ళో. పిల్లల దగ్గరికి వెళ్ళే మనలాంటి పెద్దవాళ్ళకి ఆరు నెలల లెక్క ఒకటుంటుంది కదా. మన తేలినీలాపురం చింతచెట్ల మీదికి గూడబాతులూ కొంగలూ వచ్చి ఉండే నెలలూ, అక్కడ కాలేజీ ఫుట్‌బాల్ ఆడే నెలలూ దాదాపు ఒకటే. పక్షులు ఇటు వచ్చాయి, నేను అటు వెళ్ళాను.

వెళ్ళిన కొద్ది రోజులకే, సెప్టెంబరు 2, శనివారం. పొద్దున్నే నడవడానికి బయటికొచ్చాను. రోడ్డంతా జనం. అందరూ ఒకే దిక్కుకి పోతున్నారు. అందరి ఒంటిమీదా రెండే రంగులు: ముదురు నీలం, మొక్కజొన్న గింజ పసుపు. ముసలమ్మలు, చంటిపిల్లలు, కర్రల పొయ్యి బండిలో పెట్టుకు వచ్చి రోడ్డు పక్కనే మాంసం కాల్చుకుంటున్నవాళ్ళు. ఇళ్ళవాళ్ళు వాకిట్లో గడ్డి మీద కార్లు పెట్టనిచ్చి డబ్బు తీసుకుంటున్నారు. రథసప్తమి నాడు అరసవల్లి సందుల్లో సైకిళ్ళకీ స్కూటర్లకీ తాడు కట్టి చోటు ఇస్తారు చూడండి, అచ్చం అదే వ్యాపారం. ఇదేం జాతరరా అని మనవణ్ణి అడిగాను. వాడికి పదేళ్ళు. "గేమ్ డే, తాతయ్యా" అన్నాడు, నాకు తెలియకపోవడమే వింతన్నట్టు.

ఆ ఊరి జనాభా లక్షా పాతికవేల లోపు. ఆ స్టేడియంలో కుర్చీలు లక్షా ఏడువేల ఆరువందల ఒకటి. కట్టింది 1927లో. కట్టడం అనే కంటే తవ్వడం అనాలేమో, మెట్లన్నీ బావిలోకి దిగినట్టు కిందికే దిగుతాయి, బయటినుంచి చూస్తే అంత పెద్దదని తెలియనే తెలియదు. ఊరు ఊరంతా లేచి వచ్చి కూర్చున్నా ఇంచుమించు సరిపోతుంది. ఇదంతా దేశం జట్టు కోసం కాదు, రాష్ట్రం జట్టు కోసం కూడా కాదు. ఒక కాలేజీ జట్టు కోసం. పద్దెనిమిదేళ్ళ నుంచి ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ లోపు కుర్రాళ్ళ కోసం.

నాకు మా కాలేజీ కబడ్డీ జట్టు గుర్తొచ్చింది. మా సీజన్ ఎన్ని రోజులనుకున్నారు? రెండు రోజులు. యూనివర్సిటీ వాళ్ళు ఇంటర్ కాలేజియేట్ పోటీలు పెట్టేవారు. ఓడితే ఇంటికి. సంవత్సరమంతా ఇసకలో పొర్లి సాధన చేస్తే, ఒక్కోసారి నలభై నిమిషాల్లో సీజన్ అయిపోయేది. సాయంత్రం రైల్లో, పోటీలవాళ్ళిచ్చిన అరటిపళ్ళు తింటూ తిరిగొచ్చేసేవాళ్ళం. చూడ్డానికి వచ్చేవాళ్ళు ముప్ఫై మంది ఉంటే అందులో ఇరవైమంది తరవాతి ఆట ఆడాల్సిన జట్లవాళ్ళు.

నేను ఎడమ కార్నర్ ఆడేవాణ్ణి. కార్నర్ అంటే తెలుసుగా, కూతకొచ్చిన మనిషి గీత దాటి లోపలికి రాగానే వాడి చీలమండ మీద పడేవాడు. చదువుకున్న నాలుగేళ్ళలో నేను కూతకి వెళ్ళింది బహుశా పదిసార్లు ఉండదు. పేపర్లో పేరు పడితే కూతకి వెళ్ళిన వాడిదే పడుతుంది. మా కాలేజీ గోడ మీద మా జట్టు ఫొటో ఉండేది. అందులో నా కుడి భుజం వరకూ ఉన్నాను. ఎడమ భుజం ఫ్రేము కింద పోయింది. ఇది ఎందుకు చెబుతున్నానో ముందుముందు తెలుస్తుంది.

ఇక ఆ ఆట. ఫుట్‌బాల్ అంటారు గానీ కాలితో తన్నేది బహు తక్కువ. బంతి గుండ్రంగా ఉండదు, పీచు తీసిన కొబ్బరికాయ రెండు కొసలా సాగదీసినట్టుంటుంది. మొదటి రెండు వారాలూ నాకు టీవీలో కనిపించింది తోపులాటే. మనవడు బొమ్మ గీసి చెప్పినా బుర్రకెక్కలేదు. ఒక రోజు నాకు నేనే కబడ్డీలోకి మార్చుకున్నాను, అంతే, తెరుచుకుంది. వంద గజాల మైదానం. ఒక్కో పక్క పదకొండు మంది. బంతి ఉన్నవాళ్ళకి నాలుగు కూతలు ఇస్తారు. ఆ నాలుగు కూతల్లో పది గజాలు ముందుకి పోవాలి. పోతే మళ్ళీ నాలుగు. పోకపోతే బంతి అవతలివాళ్ళది. అలా పోయి పోయి అవతలి చివర గీత దాటితే ఆరు పాయింట్లు, దాని మీద తన్ని ఒకటి సంపాదించుకోవచ్చు. అంతదూరం పోలేమనుకుంటే ఉన్నచోటి నుంచే కొయ్యల మధ్యకి తన్నితే మూడు. కూతకొచ్చినవాణ్ణి పట్టుకుని పడెయ్యడం మనదే. గీత కోసం వేలు చాపి పాకడమూ మనదే. మన ఆటలో ముప్ఫై సెకన్లు ఊపిరి బిగపట్టాలి, వాళ్ళది ఆరేడు సెకన్లలో తేలిపోతుంది. తరవాత నిలబడి మాట్లాడుకుంటారు. మూడున్నర గంటల ఆటలో బంతి కదిలేది కొద్దిసేపే. ఈ ఒక్క విషయంలో మన కబడ్డీయే నయం, ఎవరేమనుకున్నా సరే.

అర్థమైన మరుక్షణం నా కళ్ళు బంతి మీద నిలవడం మానేశాయి. డ్రిల్లు మాస్టారికి అదొక జబ్బు, అందరూ చూసేవైపు చూడలేం. బంతి పట్టుకుని పరిగెత్తేవాడికి ముందు అయిదుగురు నిలబడతారు. ఒక్కొక్కడూ నూట నలభై కిలోలు. మోచేతులు మోకాళ్ళ మీద ఆనించి వంగుంటారు. వాళ్ళు బంతి ముట్టుకోరు. నడిమివాడు మాత్రం కాళ్ళ సందునుంచి వెనక్కి అందిస్తాడు, అంతవరకే. మిగతా నలుగురూ సీజనంతా ఆడినా బంతి చేతిలో పట్టరు. వాళ్ళ పనల్లా ఎదుటివాణ్ణి పక్కకి నెట్టి మనిషి పట్టేంత సందు చెయ్యడం. ఆ సందులోంచి వెనకవాడు దూరిపోతాడు. లక్షమంది లేచి అరిచేది వాడి పేరు.

ఇది ఎక్కడో చూశాననుకున్నాను. మా ఒడ్డు మీద చూశాను. అలివి వల చూశారా మీరు? పడవలో వలని అర్ధచంద్రంలా సముద్రంలో దించి, రెండు కొసల తాళ్ళూ ఒడ్డుకి తెస్తారు. ఇటు పదిహేను మంది, అటు పదిహేను మంది. నడుముకి తాడు వేసుకుని, మడమలు ఇసకలో తన్నిపెట్టి, వెనక్కి వెనక్కి అడుగులేస్తూ గంటలకొద్దీ లాగుతారు. చివరికి సంచి ఒడ్డెక్కినప్పుడు అందరూ చేపల చుట్టూ మూగుతారు. తాడు చివరున్నవాడు అప్పటికి తాటితోపు దగ్గరుంటాడు. చేప కంటపడేది వాడికే ఆఖరున.

మా వీధిలో అలివి వల వేసే పెద్దాయన ఒకాయన ఉన్నాడు. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. వారానికోసారి ఫోన్లో మాట్లాడుకునేవాళ్ళం. ఈ అయిదుగురి సంగతీ చెబితే, "అయితే మాస్టారూ, ఆలకి కూలేటి? చేప పడితేనే వాటానా, పడకపోయినా ఉందా?" అని అడిగాడు. మంచి ప్రశ్న. వీళ్ళు విద్యార్థులు, చదువు ఖర్చు కాలేజీది. అప్పటికి జీతం లేదు. 2021 నుంచి తమ పేరూ మొహమూ ప్రకటనలకి అమ్ముకోవచ్చని ఒప్పుకున్నారు. అయితే ప్రకటన చేయించేవాడు బంతి పట్టుకున్నవాడి దగ్గరికే గదా ముందు వెళ్ళేది. ఆ మాటే చెప్పాను. "మరైతే మాకూ ఆలకీ తేడా నేదు" అన్నాడు.

ఆ జట్టు మిషిగన్ యూనివర్సిటీ. ఆ యేడు మొదటి మూడు ఆటలకి వాళ్ళ కోచ్ జిమ్ హార్బా మైదానానికి రాలేదు. ఆటగాళ్ళని చేర్చుకునే వ్యవహారంలో నియమాలు తప్పారన్న విచారణ నడుస్తుంటే కాలేజీయే ఆయన్ని ఆపింది. కోచ్ లేకుండానే ఈస్ట్ కరోలినాని 30-3, నెవాడా లాస్ వెగాస్‌ని 35-7, బౌలింగ్ గ్రీన్‌ని 31-6. తరవాత ఆయనొచ్చాడు. రట్గర్స్, నెబ్రాస్కా, మిన్నెసోటా. ప్రతి శనివారం ఒకటే కథ, ఎదుటివాళ్ళకి పది పాయింట్లు దాటనివ్వలేదు. నిజం చెప్పాలంటే ఆ సెప్టెంబరు ఆటలు కొంచెం విసుగే.

నేను స్టేడియంలో కూర్చుని చూసింది ఒకటే ఆట. అక్టోబరు 14. టిక్కెట్లు దొరికాయని అల్లుడు చెప్పగానే మా ఆవిడ పంచాంగం తీసింది. ఆ రోజు మహాలయ అమావాస్య. చాలదన్నట్టు సూర్యగ్రహణం. ఆట మొదలయ్యేది సరిగ్గా మధ్యాహ్నం పన్నెండుకి, గ్రహణం పట్టే వేళకే. "పితరులకి నువ్వులూ నీళ్ళూ వదలాల్సిన పూట తోపులాట చూడ్డానికి పోతారా?" అంది. పొద్దున్నే లేచి తర్పణాలు వదిలేసి బయలుదేరాను. మా నాన్నగారికి చెడుగుడంటే ప్రాణం, ఆయనేమీ అనుకుని ఉండరు.

ఇండియానా యూనివర్సిటీతో ఆట. ముందు గీత దాటింది ఇండియానావాళ్ళే, బంతి విసరాల్సినవాడు కాకుండా ఇంకొకడు విసిరి బోల్తా కొట్టించారు. 7-0. మా ఆవిడ మాట గుర్తొచ్చింది. ఆ తరవాత ఇండియానాకి ఒక్క పాయింటు రాలేదు. మిషిగన్ వరసగా యాభైరెండు కొట్టింది. పాయింటు వచ్చినప్పుడల్లా బ్యాండు ఒక పాట వాయిస్తుంది. 'ది విక్టర్స్' అని దాని పేరు, ఆ కాలేజీ విద్యార్థే లూయీ ఎల్బెల్ అనేవాడు 1898లో షికాగో మీద గెలిచిన ఉత్సాహంలో కట్టాడట. నా పక్కన కూర్చున్న ఎనభై ఏళ్ళ ఆయన ప్రతిసారీ లేచి పిడికిలి ఎత్తి పాడాడు. ఏడోసారికి నేనూ లేచాను. మాటలు రావు, పిడికిలి మాత్రం ఎత్తాను.

తరవాతి వారం మిషిగన్ స్టేట్ మీద 49-0. ఆ వారమే గొడవ బయటపడింది. ఈ ఆటలో కోచ్‌లు గీత బయట నిలబడి చేతులూపి, బొమ్మలు చూపించి లోపలివాళ్ళకి ఏ ఎత్తు వెయ్యాలో చెబుతారు. ఆట జరుగుతుంటే ఎదుటివాళ్ళ సైగలు చూసి పట్టుకోవచ్చు, తప్పులేదు. ముందుగా వాళ్ళ ఆటలకి మనుషుల్ని పంపి చూసి రావడానికి మాత్రం వీల్లేదు. మిషిగన్ ఉద్యోగి ఒకడు మనుషుల్ని పంపి ఫోన్లలో తీయించాడని ఆరోపణ. కబడ్డీలో చెయిన్ కట్టి నిలబడ్డప్పుడు పక్కవాడి చెయ్యి ఒకసారి నొక్కితే ఒక పట్టు, రెండుసార్లు నొక్కితే ఇంకోటి. ఎదుటి జట్టు మా ప్రాక్టీసు చూడకుండా మేమూ సరుగుడుతోట వెనక ఆడుకున్నవాళ్ళమే. కాబట్టి నాకు ఆ గొడవ చిన్నదిగా అనిపించలేదు. దొంగతనం దొంగతనమే. 2024 ఏప్రిల్లో కాలేజీ ఆటల్లోనూ హెల్మెట్లో కోచ్ మాట వినిపించే ఏర్పాటుకి అనుమతిచ్చారు, సైగల బాధ తగ్గొచ్చు.

మిషిగన్ ఉన్న పోటీ సంఘం పేరు బిగ్ టెన్. పేరులో పది, ఆ యేడు లోపలున్న జట్లు పద్నాలుగు. ఆ లెక్క నన్నడగకండి. ఆ సంఘం నవంబరు 10న హార్బాని మూడు ఆటలు సస్పెండ్ చేసింది. మర్నాడే పెన్ స్టేట్‌తో ఆట, వాళ్ళ ఊళ్ళో. జట్టు అప్పటికే బయలుదేరిపోయింది. హార్బా బదులు నిలబడ్డాయన షెరోన్ మూర్. ఈయన సొంత పని ఏమిటో తెలుసా? ఆ అయిదుగురికీ శిక్షణ ఇవ్వడం. తాడు లాగేవాళ్ళ మేస్త్రీ.

ఆట మర్నాడు దీపావళి. మా అమ్మాయి వంటింట్లో సున్నుండలు చుడుతోంది, నేనూ అల్లుడూ మనవడూ టీవీ ముందు. రెండోసగం మొదలైంది. మిషిగన్ బంతి విసరడం మానేసింది. మొదట నేను గమనించలేదు. మనవడు వేళ్ళు లెక్కపెడుతున్నాడు. పరుగు. మళ్ళీ పరుగు. మూడు గజాలు, నాలుగు గజాలు, రెండు గజాలు. ఆట అయ్యేసరికి వరసగా ముప్ఫైరెండు పరుగులు. రెండోసగంలో లెక్కలోకి వచ్చిన పాస్ ఒక్కటి లేదు. అంత మంచి విసురుగాడు జె.జె. మెకార్తీ ఉండి కూడా, ఆటంతటికీ ఎనిమిదేసార్లు విసిరాడు. ఏం చెయ్యబోతున్నారో పెన్ స్టేట్‌కి తెలుసు, స్టేడియంలో లక్షమందికీ తెలుసు, దొంగిలించడానికి సైగే లేదు. తెలిసీ ఆపలేకపోయారు. 24-15. అల్లుడికి అది ఆటలాగే అనిపించలేదు, "ఏముంది మావయ్యా ఇందులో" అన్నాడు. నేను మాత్రం సోఫా అంచున కూర్చున్నాను. అలివి వల లాగడం చూసేవాడికి విసుగే. లాగేవాడి చేతికి తెలుస్తుంది, బరువు అడుగడుక్కీ ఒడ్డు వైపు వస్తోందని.

ఆట అయ్యాక మూర్ ముందు మైకు పెట్టారు. అంతెత్తు మనిషి, మాట రాలేదు. రాని కోచ్‌ని తలుచుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఇంకో చిన్న సంగతి. ఈ ఆటలో బంతి ముందుకి విసరొచ్చన్న నియమం మొదట్లో లేదు. అందరూ గుంపుగా ఢీకొనేవారు. 1905లో ఒక్క సీజన్లోనే పదిహేనుమందికి పైగా ఆటగాళ్ళు చచ్చిపోయారు. అప్పటి అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ కాలేజీలవాళ్ళని పిలిపించి మాట్లాడాల్సి వచ్చింది. 1906 నుంచి ముందుకి విసరడం ఒప్పుకున్నారు, గుంపు చెదురుతుందని. ఇప్పటికీ దెబ్బలు లేని ఆట కాదు. 2017లో బోస్టన్ పరిశోధకులు చనిపోయిన ఆటగాళ్ళ మెదళ్ళు పరీక్ష చేశారు. కాలేజీ స్థాయిలో ఆడినవాళ్ళవి 53 చూస్తే 48 మెదళ్ళలో, తలకి పదేపదే తగిలిన దెబ్బలవల్ల వచ్చే జబ్బు కనిపించింది. జబ్బు అనుమానం ఉన్న కుటుంబాలే ఎక్కువగా ఇచ్చి ఉంటారు, కాబట్టి ఆడినవాళ్ళందరికీ ఇదే లెక్క కాదు. అయినా మా మనవడు ఆ ఆటలో చేరతానంటే వద్దంటాను. చూడ్డం వేరు.

నవంబరు 18న మేరీలాండ్ మీద 31-24. కష్టపడి గెలిచారు. అది ఆ కాలేజీకి వెయ్యో గెలుపు. 1879లో మొదటి ఆట ఆడింది మొదలు లెక్క. దేశంలో ఇంకే కాలేజీ అప్పటికి వెయ్యి చేరలేదు.

ఇక నవంబరు 25. ఒహాయో స్టేట్. ఆ రెండు కాలేజీలకీ ఉన్న పట్టుదల చెప్పాలంటే పాతకాలంలో పక్కపక్క రెండు ఊళ్ళకి చెరువు నీళ్ళ దగ్గరుండేది చూడండి, అది. రెండు జట్లూ అప్పటిదాకా ఓడలేదు. ఓడినవాళ్ళకి ఆ యేడు అయిపోయినట్టే. హార్బా ఇంకా ఇంట్లోనే. ఊళ్ళో ఆ పొద్దున్న రోడ్డు మీద మాటల చప్పుడు కూడా లేదు.

మూడో భాగంలో 17-17. మిషిగన్ గీతకి దగ్గరగా వస్తోంది. ఒక కూతలో అందరూ కుప్పగా పడ్డారు. లేచారు. ఒకడు లేవలేదు. ఆ అయిదుగురిలో కుడిపక్కవాడు, జాక్ జింటర్. చొక్కా మీద నెంబరు 65. టీవీవాళ్ళు రెండోసారి చూపించలేదు, అప్పుడే అనుకున్నాను. మోకాలి కింద రెండు ఎముకలూ విరిగాయి. లక్షా పదివేల మంది నోరెత్తలేదు. జట్టంతా వచ్చి చుట్టూ మోకరించింది. బండి మీద పడుకోబెట్టి తీసుకుపోతుంటే స్టేడియం మొత్తం అతని పేరు పిలిచింది. సీజను మొదలైనప్పటి నుంచీ ఆ వరసలోవాడి పేరు అంతమంది నోట నేను వినడం అదే మొదలు.

బండి బయటికి పోయింది. మరుసటి కూత. బంతి బ్లేక్ కోరమ్ చేతిలో పెట్టారు. పొట్టివాడు, గట్టివాడు, ఆ యేడు ఇరవయ్యేడుసార్లు పరుగుతో గీత దాటాడు. అదే సందు. ఇరవైరెండు గజాలు, ఎవరి చెయ్యీ తగలకుండా పోయినట్టే పోయి గీత దాటాడు. దాటి, ఒక చేతి వేళ్ళూ రెండో చేతి వేళ్ళూ కలిపి కెమెరాకి చూపించాడు. ముందు ఆరు. తరవాత అయిదు.

నేను లేచి వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్ళు తాగాను. మా ఆవిడ "ఏమైంది, ఓడిపోయారా?" అంది. లేదన్నాను. 30-24తో గెలిచారు, ఇరవై అయిదు సెకన్లుండగా ఎదుటివాళ్ళు విసిరిన బంతిని మిషిగన్ ఆటగాడు రాడ్ మూర్ అందుకోవడంతో ఆట తేలిపోయింది.

బిగ్ టెన్ ఫైనల్ డిసెంబరు 2న, అయోవా మీద 26-0. అది చప్పగా నడిచింది. నాకు ఆ రోజు ఇంకో పని ఉంది. అదే రోజు ఇండియాలో ప్రో కబడ్డీ పదో సీజన్ మొదలైంది. మన తెలుగు టైటాన్స్ రెండు కోట్ల అరవై లక్షలు పెట్టి పవన్ సెహ్రావత్‌ని కొన్నారు, అప్పటివరకూ ఎవరికీ ఇవ్వని ధర. రోజూ ఫోన్లో చూశాను. మొత్తం ఇరవైరెండు ఆటల్లో గెలిచింది రెండు. కూతకి వెళ్ళేవాడికి కోట్లు పోసి కార్నర్లని చూసుకోకపోతే ఇంతేనని నా అభిప్రాయం. సొంత బాధ కలిసిన అభిప్రాయం, కాదనను.

జనవరి 1న కాలిఫోర్నియాలో రోజ్ బౌల్, అలబామాతో. ఆ రోజ్ బౌల్‌కి మొట్టమొదటి ఆట 1902 జనవరి 1న జరిగింది, అప్పుడూ మిషిగనే. 1901 సీజన్లో వాళ్ళు ఎదుటివాళ్ళ మీద 550 పాయింట్లు కొట్టి, ఒక్కటీ ఇవ్వలేదు. ఆ మొదటి రోజ్ బౌల్లో స్టాన్‌ఫర్డ్ మీద 49-0కి తెస్తే, వాళ్ళు ఇంకా ఎనిమిది నిమిషాలుండగానే చాలు బాబూ అన్నారట. ఈసారి అంత సుఖంగా లేదు. ఆట చివర్లో 20-13తో వెనకబడ్డారు. మెకార్తీ డెబ్భై అయిదు గజాలు నడిపించాడు, నిమిషం ముప్ఫై నాలుగు సెకన్లుండగా రోమన్ విల్సన్ అందుకున్నాడు. అదనపు ఆటలో కోరమ్ దాటాడు. అలబామాకి ఆఖరి కూత, మూడు గజాలు. వాళ్ళ కుర్రాడు బంతి పట్టుకుని నేరుగా గుంపు మధ్యలోకే వచ్చాడు. అడ్డంగా పడిపోయారు. 27-20. ఆ పట్టు మాత్రం అచ్చమైన కబడ్డీ. నేను అరిచిన అరుపుకి మా ఆవిడ పైనించి పరిగెత్తుకొచ్చింది.

జనవరి 8, సంక్రాంతికి వారం ముందు, హ్యూస్టన్‌లో ఫైనల్. ఎదురుగా వాషింగ్టన్. ఇక్కడొక తమాషా. ఆ దేశంలో జో మూర్ అవార్డు అని ఒకటుంది. అది ఒక మనిషికి కాదు, ఆ ముందు నిలబడేవాళ్ళ వరసకి మొత్తంగా ఇస్తారు. అలాంటిది మన దగ్గర ఏ ఆటలోనూ నేను వినలేదు. 2021లోనూ 2022లోనూ మిషిగన్ వరసకి వచ్చింది. 2023లో వాషింగ్టన్ వరసకి. అంటే ఫైనల్లో నిలబడ్డవి ఆ బహుమతి తీసుకున్న రెండు వరసలు, మిషిగన్‌వైపు జింటర్ చోటులో వేరే కుర్రాడు. మొదట్లోనే డోనోవన్ ఎడ్వర్డ్స్ నలభై ఒకటి, నలభై ఆరు గజాలు పరిగెత్తి రెండుసార్లు గీత దాటాడు. ఆ రెండు పరుగులూ యూట్యూబులో ఉంటాయి. చూస్తే ఒక్క పని చెయ్యండి, పరిగెత్తేవాణ్ణి వదిలేసి ముందున్నవాళ్ళని చూడండి. నడవా తెరిచినట్టు తెరుచుకుంటుంది. మధ్యలో వాషింగ్టన్ దగ్గరికొచ్చింది గానీ చివర్లో కోరమ్ రెండు కొట్టాడు. 34-13. పదిహేను ఆటలు, పదిహేను గెలుపులు. ఆ రాత్రి ఊరు నిద్రపోలేదు. నడిరోడ్డు మీద కుర్రాళ్ళు చలిలో చొక్కాలు విప్పేసి ఎగిరారు. నెల తిరగకుండా హార్బా జీతాలిచ్చి ఆడించే డబ్బు ఆటలోకి, లాస్ ఏంజెలెస్ ఛార్జర్స్‌కి వెళ్ళిపోయాడు. ఆయన చోటు షెరోన్ మూర్‌కి ఇచ్చారు.

ఫిబ్రవరిలో ఊరికొచ్చాను. తేలినీలాపురంలో పక్షులు ఇంకా ఉన్నాయి. మర్నాడు తెల్లారగట్ల ఒడ్డుకి వెళితే అలివి వల దించి ఉంది. లాగడం అయ్యేవరకూ ఆగాను. కవ్వళ్ళూ కొంచెం రొయ్యా పడ్డాయి, పెద్దగా ఏమీ లేదు. పెద్దాయన పంచె పిండుకుని నా పక్కన కూర్చున్నాక ఫోన్ తీసి ఆ ముక్క చూపించాను. జింటర్ పడటం, బండి పోవడం, కోరమ్ పరుగు, వేళ్ళు. ఇంకో నలుగురు వెనకనించి తొంగిచూశారు. వాళ్ళలో ఒక గుంటడు "పరుగెత్తినోడు బేగొన్నాడు" అన్నాడు. పెద్దాయన మళ్ళీ మొదటికి పెట్టమన్నాడు. రెండోసారీ పరుగు దాకా చూడలేదు, బండి బయటికి పోగానే ఫోన్ నా చేతిలో పెట్టేశాడు.

"ఆ గుంటడు ఏటయ్యాడు మాస్టారూ?"

ఆపరేషన్ చేశారు, ఇంకా తెలీదన్నాను. నిజంగానే అప్పటికి తెలీదు.

ఏప్రిల్ 15 నుంచి వేట నిషేధం. ఒడ్డు మీద పడవలు బోర్లించి ఉన్నాయి. నెలాఖరులో అమెరికాలో డబ్బు ఆట జట్లు కాలేజీ కుర్రాళ్ళని ఎంచుకునే రోజులొచ్చాయి. మూడో రౌండులో క్లీవ్‌లాండ్ బ్రౌన్స్‌వాళ్ళు జింటర్‌ని తీసుకున్నారని మనవడు ఫోన్ చేసి చెప్పాడు. సాయంత్రం వెళ్ళేసరికి పెద్దాయన గుడి అరుగు మీద వల పరుచుకుని తెగిన కళ్ళు అల్లుతున్నాడు. చెప్పాను.

"ఎముక అతుక్కుందా?"

"అతుక్కుందట."

"మరి తాడు ఏదిచ్చారు, ముందుదా ఎనకదా?"

నాకు అర్థం కాలేదు. అతనే చెప్పాడు. దెబ్బ తగిలి కొన్నాళ్ళు మానేసి వచ్చినవాణ్ణి ముందు రోజుల్లో తాడు చివర పెడతారట. నీళ్ళ దగ్గరున్నవాడి మీద బరువెక్కువ.

తెలుసుకుని చెబుతానన్నాను. తలూపి, వల కన్ను వేలితో సాగదీసి చూసుకుని, ముడి వేశాడు.